కయోటీ వేటకు తొలిసారి: కాగితాల దగ్గర్నుంచి గాలివాలు దాకా

జనవరి నెల, పొద్దున్న ఎనిమిది కావస్తోంది. టెక్సస్‌లో శాన్ ఆంజెలో వైపు ఒక మేకల రాంచ్. కంచె పక్కన పొదకి ఆనుకుని, కయోటీని రప్పించడానికి ఇరవై నిమిషాలుగా కుందేలు ఏడుపు వినిపిస్తున్నాను. ముందున్న మైదానంలో ఈగ కూడా కదల్లేదు. విసుగొచ్చి లేచి, ఒళ్లు విరుచుకుని వెనక్కి తిరిగితే ఎనభై గజాల్లో కయోటీ! నిలబడి నన్నే చూస్తోంది. తుపాకీ ఎత్తేలోపు తోక కిందికేసుకుని పొదల్లో కలిసిపోయింది.

గాలి నా ముందు నుంచి వీపు వైపుకి వీస్తోందన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనేలేదు. రైఫిల్, స్కోప్ కోసం మూడు నెలలు రివ్యూలు చదివాను కానీ, గాలి ఎటు పోతోందో చూడటానికి చిన్న పౌడర్ డబ్బా జేబులో వేసుకోలేదు. అందుకే ఈ గైడ్‌లో తుపాకీ గురించి తక్కువ, కాగితాలు, చోటు, గాలి గురించి ఎక్కువ ఉంటుంది.

ఇదంతా అమెరికాలో, అందులోనూ టెక్సస్‌లో ఉండేవాళ్ల కోసం. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, మన నక్కకీ ఆ రక్షణ ఉంది. ఊరెళ్లినప్పుడు ఈ సరదాని ఇక్కడే వదిలి వెళ్లండి.

ముందు జంతువు సంగతి

కయోటీ మన నక్కకి పెద్దన్న, తోడేలుకి చిన్న తమ్ముడు అనుకోవచ్చు. టెక్సస్‌లో ఎదిగినది సుమారు 11 నుంచి 18 కిలోలుంటుంది. బొచ్చు వల్ల అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. పల్లెల్లో ముసలి రాంచర్లు ‘కై-ఓట్’ అంటారు. మీరూ అలా అంటే కాస్త దగ్గరవుతారు. హవాయి తప్ప అమెరికా రాష్ట్రాలన్నిట్లోనూ ఉంది. మన కథల్లో నక్కకి ఏ పేరుందో ఇక్కడి ఆదివాసుల కథల్లో దీనికీ అదే పేరు: జిత్తులమారి. రెండు పొద్దులు దాని వెంట తిరిగితే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

జనవరి నుంచి మార్చి లోపు జత కడతాయి. దాదాపు 63 రోజులకి కూనలు పుడతాయి. ఆ కూనలు అక్టోబర్, నవంబర్‌కల్లా సొంత ఇలాకా వెతుక్కుంటూ బయటపడతాయి. కొత్త వేటగాడికి అనువైనవి ఈ కుర్ర కయోటీలే. ఆకలెక్కువ, అనుభవం తక్కువ. చలి ముదిరాక జనవరి, ఫిబ్రవరి కూడా మంచి నెలలే. అయితే అప్పటికి బతికున్నవి పాఠాలు నేర్చుకుని ఉంటాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మీరూ నేనూ నాలుగు కొట్టినంత మాత్రాన కయోటీల సంఖ్య తగ్గదు. కొన్ని పోతే మిగిలినవాటికి తిండి పెరిగి పిల్లలు ఎక్కువ బతుకుతాయి, ఖాళీ అయిన చోటికి పక్కవి వస్తాయి. ఈ వేటకి అర్థం ఉందనిపించేది మేకలు, గొర్రెలు ఈనే రోజుల్లో. అప్పుడు ఒక రాంచ్ చుట్టూ తిరిగే జంటని తప్పిస్తే ఆ సీజన్‌లో ఆ రాంచర్‌కి కొన్ని పిల్లలు మిగులుతాయి. అలాంటి నష్టం ఏమీ లేని చోట, కూనలుండే వేసవి మొదట్లో నేను వెళ్లను. టెక్సస్‌లో ఏడాది పొడవునా కయోటీ వేటకి అనుమతి ఉంది, ఇన్నే కొట్టాలన్న పరిమితి కూడా లేదు. ఈ నియమం నాకు నేను పెట్టుకున్నది.

కాగితాలు: ఇక్కడ పొరపాటు జరిగితే వేట కాదు, వీసానే పోతుంది

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది. హెచ్1బి, ఎల్1, హెచ్4, ఎఫ్1 లాంటి వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు. ‘నాది కాదు, ఫ్రెండ్‌ది, ఊరికే పట్టుకున్నా’ అన్నా కుదరదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉండటం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి, సిటిజన్లకి ఈ చిక్కు లేదు.

అంటే వీసా మీద ఉన్నవాళ్లు ముందు లైసెన్స్ తీసుకోవాలి, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోవాలి. వరస తప్పకూడదు. షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీకి కూడా ఇదే లెక్క. ఇంకో మెలిక ఉంది. టెక్సస్‌లో ఏడాది లైసెన్స్ మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న రెన్యూవల్ మర్చిపోయి నిద్రలేస్తే బీరువాలో ఉన్న రైఫిల్ చట్టవిరుద్ధమైపోతుంది. నేను క్యాలెండర్‌లో ఆగస్టు 15కి అలారం పెట్టుకున్నాను. మీ కేసులో ఇంకే చిక్కున్నా, ముఖ్యంగా స్టేటస్ మారే దశలో ఉంటే, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రంలో సరదాగా తీసుకునే అలవాటున్నా ఫెడరల్ చట్టం దృష్టిలో మీరు తుపాకీకి అనర్హులే.

లైసెన్స్ కంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ ఉంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో వేటాడాలంటే ఈ కోర్సు పూర్తిచేయాలి. 17 నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. నా సలహా మాత్రం ఒక రోజు వెచ్చించి నేరుగా క్లాసుకి వెళ్లండి. తుపాకీ పట్టుకుని కంచె ఎలా దాటాలో, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎలా ఇవ్వాలో స్క్రీన్ మీద చూసి నేర్చుకునే విషయాలు కావు. ఒకసారి వచ్చిన సర్టిఫికెట్ జీవితాంతం పనికొస్తుంది, మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది.

టెక్సస్‌లో వరసగా ఆరు నెలలకి పైగా ఉంటున్నవాళ్లకి మామూలు హంటింగ్ లైసెన్స్ 25 డాలర్లు. తుపాకీ కొనేటప్పుడు షాపులో ఫారం 4473 నింపాలి. వీసా వాళ్లు ఐ-94 నంబరు, హంటింగ్ లైసెన్స్ దగ్గర పెట్టుకోవాలి. అక్కడికక్కడే బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. మనలాంటివాళ్లకి అది కాస్త ఆలస్యమైతే టెన్షన్ పడొద్దు, మామూలే. ఫారంలో ప్రతి ప్రశ్నా చదివి జవాబివ్వండి. అక్కడ అబద్ధం చెబితే అదో వేరే నేరం.

ఇవన్నీ టెక్సస్ లెక్కలు. రాష్ట్రం దాటితే రూల్స్ మారతాయి. ఉదాహరణకి కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం లేని తూటాలే వాడాలి.

తుపాకీ, మిగతా సామాను

.223 రెమింగ్టన్ క్యాలిబర్‌లో బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో గడియ లాగాల్సిన రకం), దాని మీద 3-9 స్కోప్ (మూడు నుంచి తొమ్మిది రెట్లు దగ్గరగా చూపించేది). అంతే. తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, వెనక్కి తన్నడం తక్కువ, 55 గ్రెయిన్ల బరువున్న తూటా కయోటీకి సరిపోతుంది. ఒకేసారి ఒకటే కాల్చే బోల్ట్ యాక్షన్ కొత్తవాడిని తొందరపడనివ్వదు. పొదలు దట్టంగా ఉండి నలభై గజాలకి మించి కనపడని చోట 12 గేజ్ షాట్‌గన్ మేలు. రాత్రి వేటకి థర్మల్ స్కోప్‌లు, అంటే ఒంటి వేడిని బట్టి జంతువుని చూపించేవి, ఉన్నాయి. వాటి ధర రైఫిల్ ధరని మించిపోతుంది. మొదటి ఏడాది వాటి జోలికి వెళ్లకండి. పగటి పూట గాలి అర్థం కానివాడికి రాత్రి అర్థమవుతుందా?

చెవులకి రక్షణ, కూర్చోవడానికి చిన్న దిండు, తుపాకీ ఆనించడానికి షూటింగ్ స్టిక్స్, ముఖానికి మాస్క్, చేతులకి గ్లౌజులు. ఖరీదైన క్యామఫ్లాజ్ బట్టల కంటే కదలకుండా కూర్చునే ఓపిక ముఖ్యం. మెరిసే ముఖం, కదిలే చేతులు, ఈ రెండూ దాస్తే చాలు.

సాధన మాత్రం ఎగ్గొట్టొద్దు. రేంజ్‌లో బెంచ్ మీద ఇసుక సంచి ఆనించి కొట్టేది స్కోప్ సరిచూసుకోవడానికే. 100 గజాల్లో గురి కంటే సుమారు ఒకటిన్నర అంగుళం పైన తగిలేలా సెట్ చేసుకుంటే 200 గజాల దాకా పెద్దగా లెక్కలు వేయనక్కర్లేదు. ఆ తర్వాత బెంచ్ వదిలి నేల మీద కూర్చుని, స్టిక్స్ ఆనించి కొట్టండి. అన్నం కంచమంత టార్గెట్ కూడా కాదు, కూర గిన్నె మూతంత టార్గెట్‌లో పదికి తొమ్మిది పడే దూరం ఎంతో చూసుకోండి. మీ హద్దు అదే. నా హద్దు మొదటి ఏడాది 120 గజాలు.

చోటు సంపాదించడం

టెక్సస్ నేలలో 95 శాతానికి పైగా ప్రైవేటు ఆస్తే. కాబట్టి వేట మొదలయ్యేది తలుపు తట్టడంతో. మనలో చాలామందికి తుపాకీ కంటే ఇదే కష్టం. జింకల సీజన్ అయ్యాక, జనవరి తర్వాత, పగటిపూట మామూలు బట్టల్లో వెళ్లండి. ‘జింకల జోలికి రాను, కయోటీలు మాత్రమే, ఒక్కణ్నే వస్తాను, వచ్చే ముందు మెసేజ్ పెడతాను’ అని చెప్పండి. మేకలు, గొర్రెలు ఉన్న రాంచర్లు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. నాకు మొదటి అనుమతి ఇచ్చిన పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘గేటు మూస్తావా?’ తీసి ఉన్న గేటు తీసే ఉంచాలి, మూసి ఉన్నది మూయాలి. ఆయన దృష్టిలో వేటగాడికి ఉండాల్సిన అర్హత అదే.

అనుమతి రాతలో తీసుకోండి. హద్దులు మ్యాప్ మీద చూపించమనండి. మీ తూటా హద్దు దాటి పక్కవాడి నేలలోకి వెళ్లడం కూడా టెక్సస్‌లో నేరమే. చెట్ల మీద, కంచె గుంజల మీద ఊదా రంగు నిలువు గీతలు కనిపిస్తే ‘లోపలికి రావద్దు’ అన్న బోర్డుతో సమానం. రోడ్డు మీద నుంచి, రోడ్డు పక్క నుంచి కాల్చడం ఎక్కడా కుదరదు.

మరీ ముఖ్యంగా ఒకటి అడగాలి: మందకి కాపలా కుక్కలున్నాయా? గ్రేట్ పైరినీస్ లాంటి పెద్ద తెల్ల కుక్కలు రాత్రీపగలూ మేకలతోనే తిరుగుతాయి. మీరు కుందేలు ఏడుపు పెడితే ముందుగా పరిగెత్తుకొచ్చేది అదే కావచ్చు. మసక వెలుతురులో దాన్ని కొట్టారంటే ఆ జిల్లాలో ఇక ఎవరూ మీకు గేటు తీయరు, తీయకూడదు కూడా.

అనుమతి దొరికాక ఒక పొద్దంతా తుపాకీ లేకుండా తిరగండి. మట్టి దారుల మీద పెంట చూడండి. వెంట్రుకలు, మెస్కీట్ గింజలు కలిసి ఉంటే కయోటీదే. మెస్కీట్ అంటే పరాయిది కాదు, మన ఊళ్లలోని సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం. ఆ కాయలంటే మన మేకలకెంత ఇష్టమో వీటికీ అంత. అడుగుజాడలు కోలగా, ఒకదాని ముందొకటి గీత గీసినట్టు ఉంటాయి. పెంపుడు కుక్క అడుగు గుండ్రంగా, వేళ్లు విచ్చుకుని, దారి వంకరటింకరగా ఉంటుంది. సాయంత్రం చీకటి పడ్డాక కారు ఆపి వినండి. ఊళ ఎటు నుంచి వస్తే తెల్లారి అటే.

గాలి, కూర్చునే చోటు

కయోటీ చెవితో వస్తుంది, కంటితో చూస్తుంది, కానీ నమ్మేది ముక్కునే. కూత వినగానే నేరుగా పరిగెత్తుకు రావడం కుర్రవి చేసే పని. ముదురుది ఆ శబ్దం చుట్టూ తిరిగి గాలివాలుకి, అంటే శబ్దం మీద నుంచి వచ్చే గాలి తనకి తగిలే వైపుకి, చేరి వాసన చూస్తుంది. కుందేలు వాసన రావాల్సిన చోట మనిషి వాసన వస్తే ఆట ముగిసింది. సబ్బు మార్చినా, వాసన చంపే స్ప్రేలు కొట్టుకున్నా లాభం లేదు. డబ్బు దండగ.

అందుకే నేను ఇలా కూర్చుంటాను. కారు కనీసం మూడు నాలుగు వందల గజాల దూరంలో, గట్టు వెనకో చెట్ల వెనకో. తలుపు వేయను, నెడతాను. నడిచేటప్పుడు గాలి ముఖానికి తగిలేలా వెళతాను. చోటు చేరాక పౌడర్ డబ్బా ఒక్కసారి నొక్కుతాను. తెల్లటి పొగలా పౌడర్ ఎటు తేలుతుందో చూసి, అటువైపు కనీసం నూరు నూట యాభై గజాల బయలు ఉండేలా సర్దుకుంటాను. ఎలక్ట్రానిక్ కాలర్ (రికార్డు చేసిన కూతలు వినిపించే స్పీకర్) ఉంటే నాకు నలభై యాభై గజాల దూరంలో, గాలి వచ్చే వైపున పెడతాను. అప్పుడు కయోటీ చూపు, ధ్యాస అంతా దాని మీద ఉంటాయి, నా మీద కాదు. చుట్టూ తిరిగి వాసన చూడబోయేది ఆ బయలు దాటక తప్పదు. నా వాసన కూడా అటే పోతుంది కాబట్టి, అది ఆ గీత దాటకముందే కొట్టాలి. నా కళ్లు సగం సమయం అటే ఉంటాయి.

పొద వెనక దాక్కోకండి, పొద ముందు కూర్చోండి. వెనకున్న పొద మీ ఆకారాన్ని మింగేస్తుంది. సూర్యుడు వీపు వైపు ఉండాలి, మీరు నీడలో ఉండాలి. గాలి గంటకి ఇరవై మైళ్లు దాటితే ఇంటికెళ్లి టీ తాగడం ఉత్తమం.

పక్కన ఆవులుంటే వాటిని చూడండి. మేత మానేసి, చెవులు నిక్కబొడిచి అన్నీ ఒకే వైపు చూస్తున్నాయంటే అటు నుంచి ఏదో వస్తోంది. నాకు దొరికిన మొదటి కయోటీని ముందుగా చూసింది ఒక ఎర్ర ఆవు.

కూత

చేత్తో పట్టుకుని నోటితో ఊదే కూతల్లో ఓపెన్ రీడ్ (పలికే రేకు బయటికి ఉండేది) అనే రకం పదిహేను ఇరవై డాలర్లకి వస్తుంది. చిన్నప్పుడు తాటాకు బూర ఊదినవాళ్లకి దీంతో పేచీ ఉండదు. పెదవి ఆనించే చోటు మార్చేకొద్దీ సన్నగానో బొంగురుగానో పలుకుతుంది. కుందేలు ఏడుపు అంటే సంగీతం కాదు. ప్రాణం పోతున్న పసిపిల్ల గొంతులా తెగుతూ, వణుకుతూ ఉండాలి. వారం రోజులు కారులో సాధన చేయండి, ఇంట్లో వద్దు. మా ఇంట్లో ఆ వారం గడిచిన తీరు చెప్పను.

మొదటి ముప్పై సెకన్లు చాలా మెల్లగా. కయోటీ నూరు గజాల్లోనే పడుకుని ఉండొచ్చు, గట్టిగా మొదలెడితే బెదిరిపోతుంది. తర్వాత ఒకటి రెండు నిమిషాలు మౌనం. మళ్లీ కాస్త గట్టిగా. ఇలా పదిహేను ఇరవై నిమిషాలు. చివర్లో కూన ఏడుపు ఒకసారి పెడితే అప్పటిదాకా దూరంగా నిలబడి అనుమానిస్తున్నది కదలొచ్చు. జత కట్టే కాలంలో ముందే ఒక ఒంటరి ఊళతో మొదలుపెట్టినా పనిచేస్తుంది. ఏమీ రాకపోతే లేచి ఒక మైలు అవతలికి పోయి మళ్లీ కూర్చోవాలి. లేచే ముందు మెల్లగా వెనక్కి కూడా చూడండి, నా అనుభవం మీకు తెలుసుగా.

పొద్దు పొడిచిన మొదటి గంట, పొద్దు గుంకే ముందు గంట. ఒక ఉదయం నాలుగు చోట్ల కూర్చుంటే ఒక్క చోట ఒకటి రావడం మంచి రోజు. మొదటి కయోటీ దొరకడానికి నాకు పదిహేడు సార్లు పట్టింది. రెండోసారికే దొరికితే నక్క తోక తొక్కారనుకోండి.

ట్రిగ్గర్ దాకా వస్తే

అది కనిపించగానే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. అది మిమ్మల్ని చూడనప్పుడు, తల పొద వెనక ఉన్నప్పుడు మాత్రమే తుపాకీ కదపండి. పరిగెత్తేదాన్ని కొట్టొద్దు. దగ్గరకొచ్చాక నోటితో ‘వుఫ్’ అని చిన్నగా మొరిగితే ఒక్క క్షణం ఆగి చూస్తుంది. ఆ క్షణంలో మూడు చూసుకోవాలి. ఇది నిజంగా కయోటీయేనా? పరిగెత్తేటప్పుడు కయోటీ తోక కిందికి ఉంటుంది, కుక్క తోక సాధారణంగా పైకి. మెడకి పట్టీ ఉందా? దాని వెనక మట్టిగట్టు ఉందా, ఆకాశం ఉందా? గట్టు మీద ఆకాశానికి ఆనుకుని నిలబడిన కయోటీని వదిలేయాల్సిందే, ఎంత దగ్గరున్నా సరే. ఆ తూటా మైళ్ల దూరం పోతుంది.

పక్కకి తిరిగి ఉంటే ముందుకాలు భుజం వెనకగా, ఎదురుగా ఉంటే గొంతు కింద ఛాతీ మధ్యన. కాల్చిన వెంటనే లేవకండి. బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించుకుని, కూన ఏడుపు పెట్టి మరో ఐదు నిమిషాలు కూర్చోండి. జంటలో రెండోది చాలాసార్లు వస్తుంది. గాయపడి వెళ్లిందనిపిస్తే నెత్తురు చుక్కల వెంట ఆఖరిదాకా వెతకాలి. ఆ రోజు ఇక వేరే వేట లేదు.

పడ్డాక

వీపు వైపు నుంచి వెళ్లి కర్రతో కంటిని తాకి చూడండి. రెప్ప వేయకపోతే పోయినట్టు. తుపాకీ ఖాళీ చేశాకే చేతులు వాడండి, అదీ గ్లౌజులతో. గోమారులు, గజ్జి మామూలు. రేబిస్ భయం ఊరికే చెప్పేది కాదు. దక్షిణ టెక్సస్‌లో 1988లో కయోటీల్లో, కుక్కల్లో రేబిస్ చెలరేగింది. 1995 నుంచి రాష్ట్రం విమానాల మీద నుంచి వ్యాక్సిన్ ఎరలు జారవిడిచి దాన్ని అదుపు చేసింది. ప్రాణంతో దొరికితే పట్టుకుని తరలించడం టెక్సస్‌లో నిషిద్ధం.

చలికాలపు తోలు బాగుంటే ఒలవడం నేర్పేవాళ్లని వెతుక్కోండి. ఇప్పుడు తోలుకి పెద్ద ధర లేదు గానీ, చంపిన జంతువుని కొంతైనా వాడినట్టుంటుంది. లేదంటే ఎక్కడ వేయాలో రాంచర్‌నే అడగండి. కొందరు కంచె మీద వరసగా వేలాడదీస్తారు. నాకు అది నచ్చదు, నేను చేయను. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం కూడా మానేశాను. మొదటిసారి పెట్టినప్పుడు మా పెద్దమ్మ రెండు నెలలు మాట్లాడలేదు.

కారెక్కాక చిన్న పుస్తకంలో తేదీ, గాలి ఎటు, ఏ కూత పెట్టారు, ఏ వైపు నుంచి వచ్చింది రాసుకోండి. అదే చోటికి రెండు మూడు వారాల దాకా తిరిగి వెళ్లొద్దు. వెళ్లినప్పుడు కుందేలు కూత వద్దు, వేరేది పెట్టండి. తప్పించుకున్నది ఆ గొంతు గుర్తుపడుతుంది. వచ్చేటప్పుడు రాంచర్‌కి ఏం చూశారో, ఏం కొట్టారో మెసేజ్ పెట్టండి. ఏమీ దొరక్కపోతే అదీ చెప్పండి. గేటు మూశారో లేదో వెనక్కి తిరిగి ఇంకోసారి చూసుకోండి.